చదవని చీటీ

మా అక్క పోయిన ఇరవై మూడో రోజున అక్క కూతురు సుధ నన్ను పాటల నాటకానికి తీసుకెళ్ళింది. వద్దన్నాను. చావు జరిగి నెలన్నా తిరగలేదు, ఇప్పుడు నాటకాలేమిటే అని కోప్పడ్డాను కూడా. “టిక్కెట్లు అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడే కొన్నాను పిన్నీ. అమ్మకి నయమయ్యాక మనిద్దరం వెళ్దామనుకున్నా. అమ్మకి ఎలాగూ పాటలంటే పడదు కదా. నువ్వు రాకపోతే ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేను,” అంది. లేచి చీర మార్చుకున్నాను.

గుణదల నుంచి ఆటోలో వెళ్తుండగా సుధ సంచీలోంచి ఒక నోటు పుస్తకం తీసింది. గొంతు ఆపరేషనయ్యాక అక్కకి మాట పోయింది. చివరి రెండు నెలలూ ఏం కావాలన్నా అందులోనే రాసి చూపించేది. నీళ్ళు. ఫ్యాను తగ్గించు. నర్సుని పిలువు. సుధ ఇంటికెళ్ళి అన్నం తిను. అన్నీ అలాంటివే. ఒక పేజీలో మాత్రం రెండే వాక్యాలున్నాయి. పైన ‘నాన్నకి చెప్పావా?’ అని, కాస్త ఎడంగా కింద ‘ఏమన్నాడు?’ అని.

“ఇది రాసిన రోజు అమ్మ దగ్గర ఉంది నువ్వే పిన్నీ. ఏంటిది?” అంది సుధ.

“మత్తు మందులమ్మా. ఏదో రాసుంటుంది,” అన్నాను. అబద్ధం చెప్పాను. చిన్నప్పుడే ఆ విద్యలో చెయ్యి తిరిగినదాన్ని. అరవై దాటాక కూడా తడుముకోవలసిన అవసరం రాలేదు.

ఆడిటోరియం బాగా చల్లగా ఉంది. స్టేజీ వెనక గోడంత తెర మీద నది, పడవ, వెన్నెల వచ్చి పోతున్నాయి. పాతికేళ్ళ పిల్లలు చెవి పక్కన చిన్న మైకులు తగిలించుకుని మా కాలం సినిమా పాటలు ఒకదాని వెనక ఒకటి పాడుతున్నారు. ఆ పాటల మధ్య ఒక కథ నడుస్తోంది. ఒక పల్లెటూరి పిల్ల, ఒక పడవ వాడు, ఎడబాటు, చివరికి చావు. కొత్త ప్రయోగం అని టిక్కెట్టు మీద వేశారు. నాకు నవ్వొచ్చింది. పది సినిమాల పాటలు ఏరి ఒక కథకి గుచ్చే ఆ పని మా నాన్న ఆటోనగర్‌లో రెండు లారీల మీద ఏనాడో చేసేశాడు. ఈ జ్ఞాపకాలు రాయటం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ లారీల దగ్గరికి వచ్చినప్పుడల్లా తప్పుకుని పక్క వీధిలోంచి పోతున్నాను. ఇవాళ తప్పుకోను.

మా నాన్న లారీలకి బొమ్మలు వేసేవాడు. మాది బందరు అవతల సముద్రాన్ని నమ్ముకున్న ఊరు. అక్కడ పడవలకి రంగులేసే మనిషిని ఎవరో చూసి, ఈ చెయ్యి ఇక్కడ ఉండాల్సింది కాదని బెజవాడ తీసుకొచ్చారట. లారీ బాడీలు కట్టే షెడ్డు వెనక రెండు గదుల్లో మేం ఉండేవాళ్ళం. పొద్దున లేచేసరికే సుత్తి మోతలు, వెల్డింగు వాసన. మధ్యాహ్నం నాన్న అన్నానికొచ్చేవాడు. చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత బట్టల సబ్బుతో కడుక్కుని, ఆ చేత్తోనే నాకు ముద్దలు కలిపి పెట్టేవాడు. మా ఇంట్లో పప్పన్నానికి కూడా కాస్త కిరసనాయిలు వాసన ఉండేది. అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన ఎండు చేపలు వేయించిన రోజున మాత్రం చేపల వాసనే గెలిచేది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. “మూసుకోండమ్మా మూసుకోండి, కూర అడగటానికి మాత్రం గిన్నె పట్టుకుని వస్తారుగా,” అని అమ్మ వాళ్ళకి వినపడేలాగే అనేది.

సాయంత్రం నాన్న ట్రంకు పెట్టె తెరిచేవాడు. అందులో పాటల పుస్తకాలుండేవి. సినిమా హాళ్ళ బయట అమ్మే పల్చటి పుస్తకాలు. వాటిలో పాటలన్నీ ఉంటాయి గానీ కథ సగమే ఉంటుంది. మిగతాది వెండితెర మీద చూడండని రాసేవాళ్ళు. “వాళ్ళు చూపించేదేంటి, మిగతా కథ నేనే రాస్తా,” అనేవాడు నాన్న. నిజంగానే రాసేవాడు. జనానికి నోటికొచ్చిన పాటలు పదో పన్నెండో ఏరుకుని, వాటికి తగ్గ మనుషుల్ని పుట్టించి, వాళ్ళకి కష్టాలు పెట్టి, ఆఖరి పాటకి కథానాయికని చంపేవాడు. ప్రతి దసరాకీ ఆయుధ పూజ రోజున పొద్దు వాలగానే ఆ నాటకం ఆడేవాళ్ళు. లేతు మిషన్లకి బంతిపూల దండలు, స్పానర్లకి పసుపు కుంకుమలు, దారంతా పగిలిన గుమ్మడికాయలు. రెండు లారీలు వెనకా వెనకా ఆనించి, పక్క పలకలు దించితే అదే స్టేజి. నాన్న కోట, ఉద్యానవనం వేసిన టార్పాలిన్ గుడ్డ వెనక తెర.

ఆ తెర వెనక పాత టైరు మీద కూర్చుని పాడేది మా అక్క నాగమణి. గుడివాడ నుంచి రత్నకుమారి గారని ఒకావిడ కథానాయిక వేషానికి వచ్చేవారు. ఆవిడ ఏడిస్తే జనమంతా ఏడవాల్సిందే గానీ పాట మాత్రం పలికేది కాదు. అక్కేమో చేపల పొలుసు గీకుతూ పాడినా పక్క షెడ్డులో సుత్తి ఆగేది. ఖాళీ పెయింటు డబ్బాలో మొహం పెట్టి పాడుకుని, తన గొంతు తనకి ఎలా తిరిగొస్తుందో వినేది. పెళ్ళి కావలసిన పిల్ల స్టేజి ఎక్కడానికి వీల్లేదని అమ్మ భీష్మించుకుంది. నాన్న మధ్యేమార్గం కనిపెట్టాడు. రత్నకుమారి గారు ముందు పెదవులు కదుపుతారు, వెనక అక్క పాడుతుంది. మూడు దసరాలు అలాగే గడిచాయి.

మూడో దసరా మర్నాడు అక్కా నేనూ కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డాం. అక్కడి ఆడవాళ్ళంతా అదే మాట. “ఆ గుడివాడావిడ ఏం పాడిందమ్మా! నాకైతే రాత్రంతా నిద్దర్లేదు,” అని ఒకావిడ అక్క మొహం మీదే అంది. అక్క బిందె నిండిపోయి నీళ్ళు పొర్లిపోతున్నా అలాగే నిలబడిపోయింది. ఆ ఏడంతా ఏం ఆలోచించుకుందో, నాలుగో దసరాకి నెల ముందు నాన్న దగ్గరికెళ్ళి ఈసారి తన పేరు చెప్పాలంది.

“సినిమాల్లో పాడేవోళ్ళు కనపడతారేంటే?” అన్నాడు నాన్న, లారీ వెనక పులికి మీసాలు దిద్దుతూ.

“కనపడరు నాన్నా. పేరు పడుద్దిగా.”

నాన్న కుంచె ఆపి అక్కవంక చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. “పడుద్ది. నిజమే పడుద్ది. సరే, ఆఖరి పాటకి ముందు మైకులో నీ పేరు చదివిస్తా. సరేనా?” అన్నాడు. ఆ నెల రోజులూ అక్క మాట్లాడితే గొంతు పాడవుతుందని సైగలతో సరిపెట్టింది. మిరియాల కషాయం తాగింది. రాత్రి పక్కలో నా చెవి దగ్గరికి జరిగి, “కుమారి నాగమణి అంటారా, ఉత్త నాగమణి అంటారా?” అని అడిగేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కుమారి అంటేనే బాగుంటుందని చెప్పాను.

దసరా రానే వచ్చింది. మైకు సెట్టు శంకరం అనే ఆయన స్టేజి పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చిన చీటీలన్నీ మైకులో చదివేవాడు. చీటీ ఉంటే అందులో ఒక్క ముక్క మార్చడు. చీటీ లేకపోతే నోటికొచ్చింది చెప్తాడు. నాన్న ఆ నాటకంలో కథానాయిక తండ్రి. జుట్టుకి తెల్ల పౌడరు రాసుకుని, స్టేజి ఎక్కబోతూ నన్ను పిలిచి ఒక చీటీ చేతిలో పెట్టాడు. “శంకరానికి ఇచ్చి రా బుజ్జీ, ఆఖరి పాటకి ముందు చదవమన్నానని చెప్పు.” పాటల పుస్తకం అట్ట చింపి, దాని వెనక వైపున ఎర్ర రంగుతో, లారీల మీద రాసినట్టు ప్రతి అక్షరానికీ నీడ దిద్ది మరీ రాశాడు. ‘తెర వెనక పాడుతున్నది: కుమారి నాగమణి.’ ఇంకా తడి ఆరలేదు. నా బొటనవేలికి ఎరుపు అంటింది.

లారీ చక్రం దగ్గర అమ్మ నన్ను ఆపింది. చీటీ లాక్కుని చూసింది. అమ్మకి చదువు రాదు గానీ అక్క పేరు ఎలా ఉంటుందో తెలుసు. “ఏంటే ఇది? మైకులో చదువుతారా? ఆటోనగర్ అంతా?” అంది. అవునన్నాను. అమ్మ మొహం పాలిపోయింది. “మీ మావయ్య కైకలూరు సంబంధం మాట్లాడొచ్చాడు. వాళ్ళు ఈ జనంలోనే ఎక్కడో కూర్చున్నారు. పేరు మైకులో పడితే ఇంక ఆ పేరు మనది కాదే. పోయేవాడూ వచ్చేవాడూ పిలుస్తాడు.” చీటీ మడిచి బొడ్లో దోపుకుంది. నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. “నువ్వు చీటీ చూళ్ళేదు. మీ అక్కతో అనకు. మీ నాన్న అడిగితే ఇచ్చేశానను. నా మీదొట్టు.”

ఒట్టు తప్పితే ఎవరి మీద ఒట్టేశామో వాళ్ళు చచ్చిపోతారు. తొమ్మిదేళ్ళ పిల్లకి అంతకు మించిన చట్టం లేదు. నేను తెర వెనక్కి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

ఆఖరి పాట ముందు శంకరం గొంతు సవరించుకున్నాడు. అక్క నడుం నిటారుగా పెట్టి, పైట సర్దుకుంది. ఎవరు చూస్తారని సర్దుకుందో. “ఇప్పుడు ఆఖరి పాట! నటిస్తూ, పాడుతూ మనందరినీ అలరిస్తున్నవారు శ్రీమతి రత్నకుమారి గారు!” అన్నాడు శంకరం. జనం ఈలలేశారు. అక్క మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగింది. “బుజ్జీ, నాన్న నీకు చీటీ ఏమన్నా ఇచ్చాడా?”

అడ్డంగా తల ఊపాను. ఎర్రరంగు అంటిన బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాను.

అక్క పాడింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం ఎక్కడా వణకలేదు. ఆ పాట తర్వాత రేడియోలో, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అక్క పాడినట్టు ఎవరూ పాడలేదు. అది తోడబుట్టినదాన్నని అనే మాట కాదు. స్టేజి మీద రత్నకుమారి గారు నాన్న ఒళ్ళో తల వాల్చి చచ్చిపోయారు. తర్వాత మొదలైంది. “వన్స్ మోర్! వన్స్ మోర్!”

మా వైపు నాటకాలు చూసినవాళ్ళకి తెలుసు. వన్స్ మోర్ అంటే చచ్చిన మనిషైనా లేవాల్సిందే. లేచి, ఆ పాట మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. అందులో ఎవరికీ వింత లేదు. రత్నకుమారి గారు లేచి కూర్చుని, కుచ్చిళ్ళు సర్దుకుని, హార్మోనియం వాయించే ఆయనకి సైగ చేశారు. ఎత్తుగడ మొదలైంది. ఆవిడ పెదవులు కదిపారు. పాట రాలేదు. హార్మోనియం ఆయన ఎత్తుగడ మళ్ళీ వాయించాడు. ఆవిడ మళ్ళీ పెదవులు కదిపారు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నాన్న తెర కింద నుంచి దూరి వచ్చాడు. “పాడవే నాగా, జనం అడుగుతున్నారు.”

“నా పేరు చదివించు, పాడతా.”

“రాసి పంపించానే!”

“అబద్ధం,” అంది అక్క.

మైకు చేతిలోనే ఉంది, అడ్డం పెట్టిన చెయ్యి జారింది. ఆ మాట నాలుగు హారన్ స్పీకర్లలోంచి ఆటోనగర్ అంతా పలికింది. అవతల చచ్చి లేచి కూర్చున్న కథానాయిక నోరు తెరుచుకుని ఉంది. జనం విరగబడి నవ్వారు. తర్వాత అరుపులు, తర్వాత చెప్పులు. నాన్న పౌడరు జుట్టుతో అలాగే నిలబడి అక్కనే చూశాడు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. లారీ దిగి ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక నన్ను పిలిచి, “చీటీ శంకరానికి ఇచ్చావా బుజ్జీ?” అన్నాడు. ఇచ్చానన్నాను. పొయ్యి దగ్గర అమ్మ వెనక్కి తిరగలేదు. “చూశావా మరి. వాడు చదవకపోతే నేనేం చేసేది? పదిమందిలో నన్ను అబద్ధాలకోరన్నది,” అన్నాడు. చీటీ రాలేదని శంకరం ఎంత మొత్తుకున్నా నమ్మలేదు, ఆయనతో మాటలు మానేశాడు. అక్కతోనూ మానేశాడు. నాన్న రాయనే లేదని అక్క, రాసినా నమ్మలేదని నాన్న. ఇద్దరూ మొండివాళ్ళే. ఇద్దరి మధ్యా నేను. “మీ అక్కని అన్నం తినమను.” “నాన్నని మందు వేసుకోమను.” ఒకే గదిలో కూర్చుని ఈ వరస. చీటీ ఇవ్వనిదాన్ని మాటలు మాత్రం ఏళ్ళ తరబడి మోశాను. తర్వాత ఉద్యోగం కూడా పోస్టాఫీసులోనే వచ్చింది. అది తల్చుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

నాన్న మళ్ళీ నాటకం రాయలేదు. పాటల పుస్తకాల్లోంచి రోజుకో పేజీ చింపి కుంచెలు తుడుచుకునేవాడు. ట్రంకు పెట్టె ఖాళీ అవటానికి రెండేళ్ళు పట్టింది. అక్కకి కైకలూరు సంబంధమే కుదిరింది. పెళ్ళిలో మాటల మీద తెలిసింది, వాళ్ళకి ఆ రోజు బస్సు తప్పిపోయి నాటకానికి రానే లేదట. చేపల చెరువుల గట్టున అత్తారింట్లో అక్క ఎలా కాపరం చేసిందో చూడటానికి వెళ్ళేదాన్ని. మంచి సంసారమే. సుధ పుట్టినప్పుడు ఉయ్యాల పక్కన కూర్చుని గంటసేపు ఊపేది. నోటి వెంట చిన్న రాగం కూడా వచ్చేది కాదు. తాడు కిర్రుమంటుండేది.

నాన్న పోయేముందు మూడు రోజులు నేనే దగ్గరున్నాను. రంగుల వాసన పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పోయాయి. తెలివి ఉన్న ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, “బుజ్జీ, ఆ చీటీ నువ్వు ఇచ్చావు కదా?” అన్నాడు. మంచం అవతల అమ్మ కూర్చుని ఉంది. వేసిన ఒట్టు అమ్మ ఎప్పుడూ తియ్యలేదు. నేను తియ్యమని అడగనూ లేదు. అమ్మ నా కళ్ళలోకి చూసింది. “ఇచ్చాను నాన్నా,” అన్నాను. నాన్న సరేనన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత పదేళ్ళకి అమ్మ పోయింది. ఇంక ఒట్టు లేదు. ఏమడ్డం? ఏమీ లేదు. పిరికితనం ఒక్కటే. చెప్తే అక్క నన్నిక చెల్లెలిగా చూడదేమోనని భయం.

అక్కకి గొంతు ఆపరేషనయ్యాక, ఇంక ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పాక, సుధ ఇంటికెళ్ళిన ఒక పూట అంతా చెప్పాను. ఎర్ర అక్షరాలు, వాటి నీడలు, కుమారి అని రాసిన సంగతి, అమ్మ ఒట్టు, నా తల ఊపు. అక్క నన్ను తిట్టలేదు. తిట్టటానికి గొంతు లేదు, నిజమే, కానీ కళ్ళతో కూడా తిట్టలేదు. నోటు పుస్తకం అందుకుని రాసింది. ‘నాన్నకి చెప్పావా?’

చెప్పానని తల ఊపాను. ఏం చెయ్యను, ఆ మొహం చూసి లేదని చెప్పలేకపోయాను. అక్క గబగబా మళ్ళీ రాసింది. ‘ఏమన్నాడు?’

“నీ తప్పు లేదన్నాడక్కా. నీ పాట గొప్పగా ఉందన్నాడు,” అన్నాను. అక్క పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయింది. ఆరో రోజున ప్రాణం పోయింది. నేను కల్పించిన మాట పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆడిటోరియంలో కథానాయిక చచ్చిపోయింది. నా వెనక వరసలో ఎవరో పెద్దాయన, అలవాటు కొద్దీ కాబోలు, “వన్స్ మోర్!” అని అరిచాడు. కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. స్టేజి మీద పిల్ల కదల్లేదు. లైట్లు వెలిగి, గోడంత తెర మీద పేర్లు పైకి పాకటం మొదలుపెట్టాయి. పాడినవాళ్ళు, ఆడినవాళ్ళు, బట్టలు కుట్టినవాళ్ళు, లైట్లు పట్టినవాళ్ళు, టీలు అందించిన మనిషి పేరు కూడా వేశారు. జనం లేచి, తెరకి వీపు పెట్టి, ఫోన్లు చూసుకుంటూ తలుపుల వైపు పోతున్నారు. ఆ ఒక్క పేరు కోసం మా ఇల్లు తగలబడిపోయింది. ఇక్కడ ఇన్ని పేర్లు పడుతుంటే చదివే దిక్కు లేదు. నేను ఆఖరి పేరు దాకా కూర్చుని చదివాను.

“ఏడుస్తున్నావా పిన్నీ?” అంది సుధ.

ఆ ఖాళీ కుర్చీల మధ్యే మొత్తం చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. నాన్నకి చెప్పనే లేదని, ఆయన ఏమీ అనలేదని, మీ అమ్మ ఆఖరి రోజుల్లో కూడా అబద్ధమే చెప్పానని చెప్పాను. ఊడ్చేవాళ్ళు వచ్చి లేవమంటే లేచి బయటికొచ్చాం. ఆటోలో సుధ నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. తిడుతుందని, ఇక మా ఇంటికి రావద్దంటుందని ఎదురుచూశాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను.

గుణదల మలుపులో ఆటో ఆగింది. సుధ దిగి, డబ్బులిచ్చి, వంగి నా మొహంలోకి చూసింది. చీటీ సంగతి అడగలేదు. ఒట్టు సంగతీ, నా అబద్ధాల సంగతీ ఏదీ అడగలేదు.

“అమ్మ పాడేదా?” అంది.